పికాన్ షేడ్ మట్టం కమిటీ

లోకంలో ఇళ్ళు రెండు రకాలు: నీళ్ళు పోయకపోయినా నిలబడేవి, నీళ్ళు పోస్తేనే నిలబడేవి. మొదటి రకం గురించి శాస్త్రాలు బోలెడున్నాయి. రెండో రకం గురించి సాధికారంగా మాట్లాడగలిగిన జాతి మాత్రం ఒక్కటే, అది మధ్య టెక్సస్‌లో నల్లరేగడి మీద కాపురం చేసే మా జాతి.

మా నల్లరేగడికి దాహం ఎక్కువ, పౌరుషం ఇంకా ఎక్కువ. వాన పడితే పొంగుతుంది. ఎండ కాస్తే కుంచించుకుపోయి నోళ్ళు తెరుస్తుంది. జూలైలో ఆ నెర్రెల్లో పడిన తాళంచెవి అక్టోబరులోగాని దొరకదు. అందుకని ఇక్కడ బాధ్యత తెలిసిన గృహస్థు సాయంత్రం పూట రబ్బరు పైపు పట్టుకుని ఇంటి చుట్టూ తిరుగుతూ, అరటిమొక్కకు పోసినంత శ్రద్ధగా ఇంటి మొదట్లో నీళ్ళు పోస్తాడు. నేల తడిగా ఉంటే ఇల్లు కదలదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది చూసి నవ్వుతారు. మూడో వేసవికి వాళ్ళూ వెళ్ళి పైపు కొనుక్కుంటారు.

హోలెక్ పట్టణం శివార్లలో పికాన్ షేడ్ అనే మొబైల్ హోమ్ పార్కు ఉంది. అందులో నలభై ఇళ్ళు. (పికాన్ చెట్లు కూడా ఉండేవి. పార్కుకు అడ్డం వస్తున్నాయని కొట్టేశారు.) ఈ నలభై ఇళ్ళూ కట్టినవి కావు, చేసినవి. ఫ్యాక్టరీలో చేసి, లారీకి తగిలించి, చక్రాల మీద లాక్కొచ్చి, సిమెంటు దిమ్మెల మీద దించి, సందుల్లో చెక్క ముక్కలు దోపి, కిందదంతా కనబడకుండా చుట్టూ రేకు కట్టారు. ఇల్లు మనది. కింద నేల డల్లాస్‌లో ఉన్న ఒక కంపెనీది. మధ్యలో దిమ్మెలు ఎవరివన్నది ఇంతవరకూ తేలలేదు.

ముప్పై ఒకటో నంబరు ఇంట్లో ఆల్విన్ కుబాలా, అతని భార్య ఎర్లీన్ ఉంటారు. ఆల్విన్‌కు అరవై తొమ్మిదేళ్ళు. పత్తి రైతు కొడుకు. చిన్నప్పుడు తండ్రి చేలో మోకాళ్ళదాకా రేగడి పూసుకుని తిరిగాడు గనక, పెద్దయ్యాక మట్టి అంటని ఉద్యోగం కావాలని జిల్లావారి లారీల కాటా దగ్గర చేరి, ముప్పై నాలుగేళ్ళు లారీలు తూచాడు. ఏ లారీకీ ఒక్క పౌను కూడా మినహాయింపు ఇవ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. రిటైరయ్యాక తూచడానికి ఏమీ లేక చేతులు దురద పెట్టి, పార్కు నివాసుల కమిటీకి అధ్యక్షుడయ్యాడు.

మూడేళ్ళ కిందట ఒక వసంతకాలపు ఉదయం అతను వాకిట్లో కూర్చుని కాఫీ తాగుతుండగా, ఎదురుగా పన్నెండో నంబరు ఇంటి కప్పు కాస్త ఓరగా ఉన్నట్టు అనిపించింది. చేతిలోని కాఫీ కప్పు అంచుతో పోల్చి చూశాడు. నిజమే, ఓరగానే ఉంది. ఆ ఇల్లు వెల్మా టిడ్‌వెల్‌ది. బడి వంటశాలలో పాతికేళ్ళు వండి వడ్డించిన మనిషి, భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. ఆమె ఇంటి వాలు వల్ల ఆల్విన్‌కు కాఫీ రుచించలేదు. కాఫీ రుచించని అధ్యక్షుడు ఏం చేస్తాడో చరిత్రకు తెలుసు. ఆ నెలలోనే పద్నాలుగో నిబంధన పుట్టింది.

“ప్రతి గృహమును మట్టముగా ఉంచవలెను. వంటగది నట్టనడుమ ఉంచిన గోళీ పది సెకండ్లలోపు ఏదేని గోడను చేరినచో సదరు గృహము వంగినదిగా భావింపబడును. ముప్పై దినములలో సరిచేయని యజమాని స్థలమును ఖాళీ చేయవలెను. వాన కోసం ఆగుచున్నామనుట మున్నగు సాకులు చెల్లవు.”

చివరి వాక్యం ఆల్విన్ స్వహస్తాలతో చేర్చాడు. వాన కోసం ఆగడమంటే ఏమిటో అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు, అది సోమరుల మాటని అతని అభిప్రాయం. పరీక్షకు వాడే గోళీ నీలం రంగుది. దాన్ని కమిటీ హాల్లో ఉంగరాల పెట్టెలో భద్రపరిచారు. బయటికి తీయాలంటే ఇద్దరు సభ్యులు సంతకం పెట్టాలి.

ఊపు తగ్గకముందే పందొమ్మిదో నిబంధన కూడా చేశాడు. కూరగాయల మడులు ఇంటి వెనకవైపు మాత్రమే ఉండాలి. వీధిలోంచి చూసినవాడికి పార్కు పార్కులా కనబడాలిగాని పొలంలా కనబడకూడదు. దీన్ని మీరినవారికి శిక్ష ఒక హెచ్చరిక ఉత్తరం. రెండు నిబంధనలూ ఏకగ్రీవంగా నెగ్గాయి. (చేతులెత్తిన ఐదుగురిలో ఈ కథ చెబుతున్నవాడూ ఉన్నాడు. ఆ రోజు ఎర్లీన్ నడుమ ఆప్రికాట్ ముద్ద పెట్టిన కొలాచీ బన్నులు కాల్చి తెచ్చింది. నోటినిండా కొలాచీ ఉన్నవాడు కాదని ఎలా అంటాడు?)

వెల్మా నోటీసు అందుకుని, నేల పదునుగా ఉన్నప్పుడే మనిషిని పిలిపించి, ఇరవై రెండు రోజుల్లో ఇల్లు సరిచేయించుకుంది. ఆ తర్వాత ఇంటి చుట్టూ నాలుగు వైపులా గుమ్మడి పెట్టింది. దాని మీద ఆమెకు ఇప్పటికి పదకొండు హెచ్చరిక ఉత్తరాలు వెళ్ళాయి. పదకొండింటికీ ఆమె జవాబు రాసింది. ఫారంలో జవాబు అనే గడి లేనందువల్ల ఆల్విన్ వాటిని చదవకుండా ఫైలులో పెట్టాడు.

ఇక ఈ ఏటి సంగతి. మే నెలాఖరున ఒకసారి పడిన వాన మళ్ళీ ముఖం చూపించలేదు. జూన్‌లో పట్టణ నీటి విభాగంవారు మూడో దశ ఎద్దడి ప్రకటించారు. గడ్డికి నీళ్ళు పోయకూడదు. కార్లు కడగకూడదు. ఇళ్ళకు నీళ్ళు పోయకూడదు, పునాది గల గృహాలకు మాత్రం సోమ, గురువారాల్లో మినహాయింపు. కూరగాయలకు మాత్రం ప్రతి సాయంత్రం ఎవరైనా చేత్తో పైపు పట్టుకుని పోసుకోవచ్చు, తిండి తిండే కదా అన్నారు. ఆల్విన్ ఆ ప్రకటన రెండుసార్లు చదివి, ఇంటికి పోసే పైపు అదే రోజు చుట్టేశాడు. మిగిలిన ఓపికంతా ఇంటి వెనక బెండ మడి మీద పెట్టాడు. బెండ బ్రహ్మాండంగా వచ్చింది. ఆగస్టు నాటికి పార్కులో బెండకాయలు వద్దనేవాళ్ళే తప్ప లేనివాళ్ళు లేరు.

ఆ నెలలోనే ఎర్లీన్ పెనం మీద కొట్టిన గుడ్డు ఒక పక్కకు చేరడం మొదలుపెట్టింది. పెనం మంచిది కాదన్నాడు ఆల్విన్. స్నానాలగది తలుపు పట్టేసింది. చెక్క ఉబ్బిందని చెప్పి అంచు చిత్రిక పట్టాడు. పడకగది తలుపు దానంతటదే తెరుచుకుంటోంది, దాన్నీ చిత్రిక పట్టాడు. మంచం వీధివైపు కోళ్ళకింద చెక్క ముక్కలు పెట్టాడు, తర్వాత ఫ్రిజ్ కింద, తర్వాత టీవీ బల్ల కింద. ఇంట్లో ఒక్క వస్తువు కూడా నేలను నమ్ముకుని నిలబడని స్థితి వచ్చింది.

“ఆల్విన్, మన ఇల్లు వంగింది,” అంది ఎర్లీన్ ఒకరోజు.

“వంగడం అనేది గోళీతో తేలాల్సిన విషయం. మనం చూసి అనేది కాదు,” అన్నాడు.

“నిన్న సోఫాలోంచి లేవబోయి వీధి తలుపు దాకా వెళ్ళాను. నాకు వీధిలో పనేమీ లేదు.”

ఆల్విన్ సోఫా కింద కూడా రెండు చెక్క ముక్కలు పెట్టాడు. భూమి గుండ్రంగా ఉండడం వల్ల అక్కడక్కడ ఇలాంటివి తప్పవేమోనని కాసేపు నిజంగానే ఆలోచించాడు.

ఏటా ఆగస్టు పదో తేదీన గోళీ పరీక్ష. నిష్పాక్షికతకు గుర్తుగా మొదటి పరీక్ష అధ్యక్షుడి ఇంట్లోనే జరగాలని అతనే రాసుకున్నాడు. ఇద్దరు సభ్యులు సంతకం పెట్టి గోళీ తెచ్చారు. వంటగది నడుమ సుద్దతో గుర్తు పెట్టి, దాని మీద ఉంచి, చెయ్యి తీశారు. గోళీ తడుముకోలేదు. నాలుగు సెకండ్లలో వీధివైపు గోడను కొట్టి వెనక్కి ఎగిరింది. ఆల్విన్ గడియారం చూసి, నాలుగు అని రాసి, నోటీసు ఫారం తీసి, ఆల్విన్ కుబాలా అని నింపి, కింద అధ్యక్షుడిగా సంతకం పెట్టి, యజమానిగా అందుకుని, రసీదు మీద మరో సంతకం పెట్టాడు. రసీదు నకలు తనకే ఇచ్చుకున్నాడు. ఎర్లీన్ పొయ్యి దగ్గర నిలబడి ఇదంతా చూసింది.

నోటీసు వివరాలు కంపెనీవారి యాప్‌లోకి ఎక్కాయి. ఆ యాప్‌లో రెండే మీటలున్నాయి: “సరిచేశాను”, “ఖాళీ చేశాను”. పైన అంకె ముప్పై నుంచి రోజూ ఒకటి చొప్పున తగ్గుతూ ఉంటుంది.

ఇక్కడ నవ్వు కాస్త పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. ఖాళీ చేయడమంటే ఇంట్లోంచి సామాను తీసుకుని పోవడం కాదు, ఇంటినే తీసుకుని పోవడం. కుబాలాల ఇల్లు నలభై నాలుగేళ్ళ కిందటిది. మళ్ళీ లారీకి తగిలిస్తే రోడ్డెక్కకముందే రెండు ముక్కలవుతుంది. ఒకవేళ కాకపోయినా, అంత పాత ఇంటిని ఏ పార్కూ రానివ్వదు. వాళ్ళకు ఇంకో ఇల్లు లేదు. ముప్పై రోజుల్లో గోళీ ఆగకపోతే ఆల్విన్, ఎర్లీన్ ఈ వయసులో దిక్కులేనివాళ్ళవుతారు. ఆల్విన్‌కు ఆ సంగతి తెలుసు, భయమూ వేసింది. కాకపోతే ఫారంలో దానికీ గడి లేదు.

మర్నాడు కోయ్ లాంబర్ట్‌ని పిలిచాడు. ఇళ్ళు లేపి దిమ్మెలు సర్దడానికి లైసెన్సున్న మనిషి ఆ చుట్టుపక్కల అతనొక్కడే. కోయ్ రేకు ఒకటి విప్పి, పడుకుని లోపలికి ఓసారి చూసి, లేచి చొక్కా దులుపుకున్నాడు.

“వాన పడేదాకా నేను దీని మీద చెయ్యి వెయ్యను సార్.”

“పని చేతకాదా?”

“చేతనవును కాబట్టే చెబుతున్నా. నేల ఎండి బిగుసుకుపోయినప్పుడు జాకీలు పెట్టి మట్టం చేశామనుకోండి, వానకు ఉబ్బి మళ్ళీ వంకరపోతుంది. వాన పడాలి, రెండు వారాలు నానాలి, అప్పుడు పిలవండి. మీ నిబంధనలో గడువు పెంచడానికేమీ లేదా?”

ఆల్విన్ చివరి వాక్యం గుర్తు చేసుకుని, లేదన్నాడు.

“ఎవరు రాశారో గాని మట్టి ముట్టినవాడు కాదు,” అన్నాడు కోయ్. చెడ్డ ఉద్దేశం లేకుండానే అని, వెళ్ళిపోయాడు. ఆ మాట ఆల్విన్‌కు ఆ వారమంతా గుచ్చుకుంది.

ఇక మిగిలింది ఇంటికి నీళ్ళు పోయడానికి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవడం. నీటి విభాగం కార్యాలయంలో ట్రెవీనో అనే ఉద్యోగిని ఉంది. చాలా మర్యాదస్తురాలు. ఆమె దగ్గర ఉన్న ఫారంలో మొదటి ప్రశ్న, ఇంటికి పునాది ఉందా అని. దిమ్మెలున్నాయన్నాడు ఆల్విన్. దిమ్మెలు పునాది కిందికి రావని ఆమె విచారం వ్యక్తం చేసింది. అయితే తన ఇల్లు దేని కిందికి వస్తుందని అడిగాడు. ఆమె కంప్యూటర్‌లో చూసి, కింద ఇరుసులు తీయించినట్టు దాఖలా లేదు గనక అది ఆగి ఉన్న వాహనమని చెప్పింది.

“వాహనాలు కడగడం కూడా నిషేధమేనండి,” అంది. “బయట డబ్బిచ్చి కడిగించుకునే చోటికి తోలుకెళితే మాకు అభ్యంతరం లేదు.”

ఆల్విన్ కౌంటరు మీది తన కాగితాలు తీసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళు తాను కాటా దగ్గర లారీ డ్రైవర్లతో ఇదే గొంతుతో, ఇదే మర్యాదతో మాట్లాడానని అతనికి ఎందుకో గుర్తొచ్చింది. వాళ్ళు ఏం చేసేవారో కూడా గుర్తొచ్చింది. టోపీ సర్దుకుని థాంక్యూ మేడమ్ అనేవారు. అతనూ అలాగే అని బయటికి వచ్చాడు.

యాప్‌లో అంకె పద్దెనిమిదికి వచ్చింది. ఇక తానే ఇల్లు లేపుదామని తీర్మానించుకుని, అరవై తొమ్మిదేళ్ళ మనిషి రెండు జాకీలు, రసమట్టం, టార్చిలైటు పట్టుకుని పట్టపగలు ఇంటికిందికి పాకాడు. వీధివైపు దిమ్మెల దగ్గర నేల బీటలు వారి ఉంది. దిమ్మె పైభాగానికి, ఉక్కు దూలానికి మధ్య చెయ్యి దూరేంత సందు. అందులో ఉండాల్సిన చెక్క ముక్కలు జారి కింద పడున్నాయి. అక్కణ్ణుంచి పొట్టమీద పాకుతూ వెనకవైపు చేరాడు. అక్కడ నేల నల్లగా, మెత్తగా, పెళ్ళివారింట్లో పిండిలా పొంగి ఉంది. దిమ్మెలు బొటనవేలెడెత్తు పైకి లేచి దూలాన్ని భుజాన మోస్తున్నాయి. రేకు సందులోంచి బెండ వేళ్ళు లోపలికి వచ్చాయి.

ఆల్విన్ అక్కడే వెల్లకిలా పడుకుండిపోయాడు. జూన్ నుంచి ప్రతి సాయంత్రం తాను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. తక్కెడ పళ్ళేల్లో ఒకదాంట్లోనే నీళ్ళు పోస్తూ వచ్చాడు. పైన ఎర్లీన్ అడుగుల చప్పుడు వినిపిస్తోంది, వెనకవైపు నుంచి వీధివైపుకు తొందరగా, వీధివైపు నుంచి వెనకవైపుకు ఆయాసంగా.

“దొరికిందా?” అని నేల మీద మడమతో తట్టి అడిగింది.

“దొరికింది.”

“ఎవరి తప్పట?”

“బెండకాయలది,” అన్నాడు ఆల్విన్. తర్వాత, నాది అన్నాడు. ఆ రెండో మాట పైకి వినబడలేదు.

దుమ్ము కొట్టుకుని బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఎదురింట్లో వెల్మా పైపు పట్టుకుని వీధివైపు గుమ్మడికి నీళ్ళు పోస్తోంది. ఆల్విన్ వీధి దాటి వెళ్ళాడు. మూడేళ్ళలో చేతిలో ఉత్తరం లేకుండా ఆ గడప దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి.

“వెనక కూడా గుమ్మడి ఉందిగా. ముందెందుకు వెల్మా?”

“అటు పక్కా ఉంది, ఇటు పక్కా ఉంది. ఇల్లు గుమ్మడికాయ తినదు ఆల్విన్. నీళ్ళు తాగుతుంది, అన్ని వైపులా తాగుతుంది. ఇంటికి పోయొద్దన్నారు, కూరకు పోయమన్నారు. నేను కూరకే పోస్తున్నా.” పైపు మడిచి పట్టుకుని అతని మోచేతుల మట్టి కేసి చూసింది. “పదకొండుసార్లు రాశాను కదా నీకు, అందరినీ నాలుగు వైపులా పెట్టుకోనియ్యి, లేకపోతే ఎండాకాలంలో ఇళ్ళు వంగుతాయని. చదవలేదా?”

చదవలేదని చెప్పడానికి అతనికి సిగ్గేసింది. అందినట్టు రసీదు పంపాను కదా అన్నాడు. వెల్మా నవ్వి ఒక గుమ్మడికాయ కోసి ఎర్లీన్‌కు ఇమ్మని చేతిలో పెట్టింది.

ఇంటికి వెళ్ళగానే ఎర్లీన్, ఈ సాయంత్రమే వీధివైపు నాలుగు గింజలు వేసి నీళ్ళు పోయమంది. పందొమ్మిదో నిబంధన ఒప్పుకోదన్నాడు ఆల్విన్. హెచ్చరిక ఉత్తరమే కదా, ఎటూ రాసేది నువ్వే కదా అంది. సరిగ్గా అందుకే కుదరదు, ముందు నిబంధన మారాలి, తర్వాత గింజ పడాలి అన్నాడు. (పత్తి రైతు కొడుకు నోట ఆ మాట విని ఎర్లీన్ అంతటి మనిషి కూడా వాదన మానేసింది.)

ఈలోపు మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళలో గోళీ పరీక్ష పూర్తి కావాలి. పూర్తయింది. ముప్పై ఎనిమిది ఇళ్ళలో గోళీ వీధివైపే పరుగెత్తింది. అందరూ చట్టానికి లోబడే మనుషులు. అందరూ మడులు వెనకే పెట్టారు, అందరూ ఇంటికి నీళ్ళు మానేసి కూరకే పోశారు. పార్కు మొదట్లో నిలబడి చూస్తే రెండు వరసల ఇళ్ళూ వీధిలోకి వంగి, ఎవరో పెద్దమనిషి వస్తున్నట్టు దండం పెడుతున్నాయి. ఒక్క పన్నెండో నంబరు ఇంట్లో గోళీ పెట్టిన చోటే ఉంది. పరీక్షకులు పది సెకండ్లు చూసి, అనుమానం తీరక నిమిషం చూసి, ఊది కూడా చూశారు.

కమిటీ అత్యవసర సమావేశం శనివారం ఉదయం. హాలు కూడా మొబైల్ హోమే గనక కుర్చీలన్నీ ఒక గోడకు చేరాయి. మేమూ అక్కడే చేరాం. పార్కు మొత్తం వచ్చింది, వెల్మా తప్ప. అది ఆమె గుమ్మడికి ఎరువు వేసే వేళ.

ఆల్విన్ లేచి, పందొమ్మిదో నిబంధన రద్దు చేద్దామన్నాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు. అధ్యక్షుడి నోట ఆ మాట రావడం అదే మొదలు గనక కార్యదర్శికి దాన్ని ఏ శీర్షిక కింద రాయాలో తెలియలేదు. అయితే మూడో నిబంధన ప్రకారం ఏ నిబంధన మార్చాలన్నా అరవై రోజుల ముందస్తు ప్రకటన కావాలి. పోనీ పద్నాలుగో నిబంధన గడువు పెంచుదామన్నారు. దానికీ అరవై రోజులే. యాప్‌లో ఆల్విన్‌కు పదకొండు రోజులు మిగిలాయి, మాకు అంతకు రెండు వారాలు ఎక్కువ. మూడో నిబంధన ఎవరు రాశారని వెనక నుంచి ఒకాయన అడిగాడు. అందరూ మర్యాదకు నేలకేసి చూశారు.

అప్పుడు ఒక సభ్యుడు లేచి, నిబంధన మార్చాలంటే అరవై రోజులు కావాలిగాని, నిబంధనలోని మాటకు అర్థం చెప్పడానికి ఒక్క రోజు కూడా అక్కర్లేదని గుర్తుచేశాడు. పద్నాలుగో నిబంధనలో “మట్టము” అన్నారు, వంగడమంటే ఏమిటో చెప్పారుగాని మట్టము అంటే ఏమిటో ఎక్కడా చెప్పలేదు. మట్టము అనగా పార్కులోని అత్యధిక గృహములు ఉన్న తీరు అని ఈ రోజే నిర్వచిస్తే ముప్పై తొమ్మిది ఇళ్ళూ ఈ క్షణం నుంచే మట్టంగా ఉన్నట్టు. గోళీ పరీక్షను కూడా ఆ మట్టాన్ని బట్టే చదువుకోవాలి: గోళీ వీధివైపు గోడను ఆరు సెకండ్లలోపు చేరితే ఇల్లు సరిగా ఉన్నట్టు లెక్క. చేరకపోతే వంగినట్టు. (ఆ సభ్యుడు ఎవరో చెప్పడం అప్రస్తుతం. ఈ కథ ఇంత వివరంగా ఎవరు చెప్పగలరో మీరే ఊహించుకోండి. నా ఇల్లు పద్దెనిమిదో నంబరు, దానికీ చక్రాలు లేవు, నాకూ ఇంకో చోటు లేదు.)

లెక్క అందరికీ ఒకేసారి తట్టింది. నలభైలో ముప్పై తొమ్మిది పోతే ఎన్ని మిగులుతాయో ఎవరూ పైకి అనలేదు.

ఆల్విన్ కుర్చీలోంచి సగం లేచాడు. ఆ క్షణంలో అతను ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలుసు, ఎందుకంటే అదే మాట చెప్పకుండా నేనూ మింగుతున్నాను. పక్కన ఎర్లీన్ ఒళ్ళో చేతులు పెట్టుకుని అతని మొహం కేసి చూస్తోంది. ఇల్లు పోకూడదని ఆమె రోజూ పడుకునేముందు మోకాళ్ళ మీద చేసే ప్రార్థన అతనికి వినబడుతూనే ఉంది.

“అధ్యక్షులవారు ఏమన్నా చెబుతారా?” అని కార్యదర్శి అడిగింది.

“లేదు,” అన్నాడు ఆల్విన్, కూర్చున్నాడు.

నిర్వచనం ఏకగ్రీవంగా నెగ్గింది. యాప్‌లో ముప్పై తొమ్మిది మంది “సరిచేశాను” మీట నొక్కారు. యాప్ అభినందనలు తెలిపింది.

సోమవారం ఉదయం ఆల్విన్, ఇద్దరి సంతకాలతో గోళీ తీసుకుని, పన్నెండో నంబరు ఇంటికి వెళ్ళాడు. వెల్మా తలుపు తీసింది. ఆ తలుపు తేలిగ్గా తెరుచుకుని, తేలిగ్గా మూసుకుంది. చాలా రోజుల తర్వాత చదునైన నేల మీద అడుగుపెట్టడం వల్ల అతనికి కళ్ళు తిరిగాయి, కుర్చీ వీపు పట్టుకున్నాడు. వెల్మా కాఫీ పోసి ఇచ్చింది. కప్పులో కాఫీ అన్ని వైపులా ఒకే ఎత్తులో ఉంది. అతనికి దాన్ని చూడబుద్ధి కాలేదు.

వంటగది నడుమ సుద్దతో గుర్తు పెట్టి గోళీ ఉంచాడు. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. ఆరు సెకండ్లు గడిచాయి. గోళీ కదల్లేదు. ఆల్విన్ ఫారంలో “వంగినది” అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు. వెల్మా కళ్ళద్దాలు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది, కొత్త నిర్వచనంతో సహా.

“నీ ఇల్లు ఎలా ఉంది?” అని అడిగింది.

“సరిగ్గా ఉందని తేలింది.”

“ఎర్లీన్ ఊపిరి పీల్చుకుందా?”

“పీల్చుకుంది.”

“మంచిదే,” అంది వెల్మా. కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టింది. ఆమె మొహంలో కోపం కోసం ఆల్విన్ వెతికాడు. కోపం ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. “అయితే నాకు ముప్పై రోజులు. కోయ్ వాన పడేదాకా రానంటాడు. నా ఇంటిని నేను ఎలా సరిచేసుకోవాలి ఆల్విన్?”

ఆల్విన్ తలుపు దగ్గరికి వెళ్ళి, టోపీ పెట్టుకుని, ఎదురుగా ఒకే తీరున వంగి ఉన్న ఇళ్ళ వరసను చూశాడు. తనకు తెలిసిన సలహా ఒక్కటే ఉంది, అదైనా అనుభవం మీద చెప్పగలిగినది.

“మిగతా మూడు వైపులా పీకేసి, వెనక గుమ్మడికి మాత్రమే నీళ్ళు పొయ్యి వెల్మా. నెల తిరిగేసరికి నీ ఇల్లు కూడా మా అందరి ఇళ్ళలాగే నిటారుగా అవుతుంది.”